మినిమమ్ కడుతున్నా కార్డు బాకీ తగ్గడం లేదు, సిబిల్ 641. మూడేళ్లలో హోమ్ లోన్ రావాలంటే ఏం చేయాలి?

ముందు మీ ప్రశ్నను నేను ఎలా అర్థం చేసుకున్నానో చెప్తాను. వయసు 27, హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతికొచ్చే జీతం 42,000. ఇంటికి 8,000 పంపుతారు, పీజీకి 7,500 పోతుంది. రెండు క్రెడిట్ కార్డుల మీద కలిపి 1,40,000 బాకీ ఉంది, రెండింటి లిమిట్ కలిపి 1,60,000. ఒక లోన్ యాప్‌లో ఇంకో 15,000. ఏడాదిగా కార్డులకు మినిమమ్ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) తప్పకుండా కడుతున్నా బాకీ కదలడం లేదు. యాప్ వాయిదా ఒకసారి 40 రోజులు లేటయింది. సిబిల్ స్కోరు (అప్పులు ఎలా కడుతున్నారో చూపే అంకె) 641. మూడేళ్లలో ఊళ్లో ఇల్లు కట్టాలి కాబట్టి స్కోరు తొందరగా పెంచే దారి కావాలి. ఎనిమిది వేలు ఇస్తే 750 చేసిపెడతామన్న ఏజెన్సీని నమ్మొచ్చా? ఇంట్లో చెప్పాలంటే సిగ్గుగా ఉంది అని చివర్లో ఒక ముక్క రాశారు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే.

సూటిగా చెప్తాను. స్కోరు మాట కొన్నాళ్లు పక్కన పెట్టి ముందు వడ్డీ తగ్గించండి. కార్డుల బాకీని, యాప్ బాకీని తక్కువ వడ్డీ అప్పులోకి మార్చండి. మీ పరిస్థితిలో అది బంగారం లోన్. కార్డులు వాడటం ఆపి, నెలకు పది వేల చొప్పున కడితే ఏడాదిన్నరలోపు మొత్తం తీరిపోతుంది. స్కోరు అంతకంటే ముందే లేవడం మొదలవుతుంది. ఏజెన్సీకి ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

నేను 24 ఏళ్లు బ్యాంకులో చేశాను. అందులో పదిహేనేళ్లకు పైగా లోన్ల సీటులోనే గడిచాయి. గుంటూరు, ఒంగోలు, చివర్లో హైదరాబాద్. ఉద్యోగం మానేశాక కూడా తెలిసినవాళ్లు, వాళ్ల పిల్లలు స్టేట్‌మెంట్లు పట్టుకుని వస్తూనే ఉన్నారు. మీలాంటి కేసులు చాలా చూశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

బాకీ ఎందుకు కదలడం లేదంటే

మీ కార్డు స్టేట్‌మెంట్ తీయండి. పైన పెద్ద అక్షరాల్లో ఉండే మినిమమ్ అమౌంట్ డ్యూ కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే ఫైనాన్స్ ఛార్జెస్ అన్న వరుస చూడండి. దాని కిందే జీఎస్‌టీ అని ఇంకో వరుస ఉంటుంది. చాలా కార్డుల్లో వడ్డీ నెలకు మూడున్నర శాతం అటూ ఇటూ. 1,40,000 మీద నెలకు 4,900. దాని మీద 18 శాతం జీఎస్‌టీ 882. మొత్తం 5,782. మీరు కట్టే మినిమమ్ సుమారు 5 శాతం, అంటే 7,000. ఏడు వేలు కడితే అసలులోకి వెళ్లింది 1,218 రూపాయలు. అదే నెలలో కార్డు మీద ఒక్కసారి పెట్రోలు కొట్టించి, రెండుసార్లు బయట తింటే ఆ 1,218 కూడా పోయినట్టే. ఏడాదికి వడ్డీ, పన్ను కలిపి 66 వేల వరకు కడుతున్నారు. జీతం పెరిగినా చేతిలో ఏమీ మిగలకపోవడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బిల్లు పూర్తిగా కట్టినంత కాలమే వడ్డీ లేని రోజులు ఉంటాయి. పాత బాకీ మిగిలి ఉంటే ఈరోజు కొన్న పాల ప్యాకెట్ మీద కూడా ఈరోజు నుంచే వడ్డీ లెక్కవుతుంది. "బిల్లు తేదీ తర్వాత కొన్నాను కదా, నలభై రోజులు టైముంది" అన్న లెక్క మీకు ప్రస్తుతం వర్తించదు. కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే ఇంకా ఘోరం. దానికి వడ్డీ లేని గడువు ఎప్పుడూ ఉండదు, పైగా తీసిన ప్రతిసారీ ఫీజు పడుతుంది.

ఒంగోలులో ఉన్నప్పటి ఒక ఉదయం నాకు బాగా గుర్తు. మీ వయసు అబ్బాయి, వాళ్లమ్మ వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. అబ్బాయికి కార్డు బాకీ లక్ష దాటింది. "ఏడాదికి 42 శాతం వడ్డీ ఆంటీ" అని నేను చెప్తే ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు. శాతాల లెక్క ఆవిడది కాదు. స్టేట్‌మెంట్ మీద ఆ రెండు వరుసలకు పెన్నుతో గీత గీసి, "నూటికి మూడున్నర రూపాయలమ్మా. పన్ను కలిపితే నాలుగు రూపాయలు దాటుతుంది, నెలకు" అన్నాను. ఆవిడ కొడుకు వైపు తిరిగి, "ఊళ్లో రెండు రూపాయలకు ఇస్తామన్నా వద్దనుకుంటాం కదరా, నాలుగు రూపాయలకు ఎలా తెచ్చావు?" అంది. ఆ పిల్లాడు తల వంచుకున్నాడు. చదువుకున్నవాడే, మంచి ఉద్యోగం. వాడికీ ఆ క్షణం వరకు అది నాలుగు రూపాయల వడ్డీ అని తట్టలేదు.

అప్పటి నుంచి నేను ఎవరికి చెప్పినా రూపాయల వడ్డీలోనే చెప్తున్నాను. మీరూ అలాగే లెక్కేసుకోండి. ఏడాది శాతాన్ని 12తో భాగిస్తే నూటికి నెలకు ఎన్ని రూపాయలో వస్తుంది. బ్యాంకు బంగారం లోన్ తొమ్మిదిన్నర శాతం అంటే ఎనభై పైసల వడ్డీ. 14 శాతం పర్సనల్ లోన్ అంటే రూపాయి పదిహేడు పైసలు. మీ కార్డు నాలుగు రూపాయల పదమూడు పైసలు. యాప్‌లయితే ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుంటాయి కాబట్టి అసలు లెక్క తీస్తే ఇంకా పైకే పోతుంది. నాలుగు రూపాయల అప్పు నెత్తిన పెట్టుకుని, ఇంకో పక్క ఆరు శాతం వచ్చే ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) కడుతున్నవాళ్లను కూడా చూశాను. మీకు అలాంటిది ఉంటే ఆపి, ఆ డబ్బు తెచ్చి బాకీలో వేయండి.

బాకీ ఎక్కడికి మార్చాలి

మీరు పర్సనల్ లోన్ తీసుకుందామా అని అడిగారు. స్కోరు బాగున్నవాళ్లకు అది మంచి దారే. 1,40,000కు 14 శాతం వడ్డీ, రెండేళ్ల గడువు పెడితే ఈఎంఐ సుమారు 6,720. మీరు ఇప్పుడు కడుతున్న మినిమమ్ కంటే తక్కువ. అదే డబ్బుతో ఇక్కడ రెండేళ్లలో బాకీ పూర్తిగా తీరుతుంది, అక్కడ తీరదు. ఇంకో లాభం, బ్యాంకు లోన్ వడ్డీ మీద జీఎస్‌టీ ఉండదు. కార్డు వడ్డీ మీదే ఉంటుంది. కానీ 641 స్కోరుతో మీకు 14 శాతానికి దొరకడం కష్టం. దొరికితే 20 పైన చెప్తారు. నాలుగైదు చోట్ల అప్లై చేస్తే మీ స్కోరు కోసం వాళ్లు చేసే ఎంక్వైరీలన్నీ మీ క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కి స్కోరు ఇంకా కిందికి వస్తుంది.

అందుకే బంగారం అంటున్నాను. అక్కడ బ్యాంకు ప్రధానంగా చూసేది మీ స్కోరు కాదు, గీటురాయి మీద అప్రైజర్ చెప్పే మాట. విలువలో ముప్పావు వంతు దాకా, చిన్న మొత్తాలకు ఇంకాస్త ఎక్కువ కూడా ఇస్తారు. కార్డులవీ యాప్‌దీ కలిపి 1,55,000 తీసుకుంటే మొదటి నెల వడ్డీ సుమారు 1,230 రూపాయలు. నెలకు 10,000 కడుతూ పోతే 17 నెలల్లో తీరుతుంది, మొత్తం వడ్డీ పదకొండు వేల దగ్గర ఆగుతుంది. ఇందాకటి 66 వేల పక్కన ఈ అంకె పెట్టి చూడండి.

ఒక జాగ్రత్త. బంగారం లోన్లలో చాలావరకు ఏడాది చివర అసలు, వడ్డీ ఒకేసారి కట్టే పద్ధతిలో ఉంటాయి. నెలనెలా ఎవరూ అడగరు కాబట్టి మనవాళ్లు మర్చిపోతారు. ఏడాది తిరిగాక వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకుంటారు. అలా ఆరేళ్లు తిరగరాయించి చివరికి వేలానికి పోగొట్టుకున్న గొలుసులు నా చేతుల మీదుగానే వెళ్లాయి. లోన్ తీసుకున్న రోజే "ప్రతి నెలా కొంత అసలు కట్టొచ్చా?" అని అడగండి. దాదాపు ప్రతి బ్యాంకూ ఒప్పుకుంటుంది. జీతం పడిన మర్నాడే పది వేలు ఆ ఖాతాకు వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చేయండి.

ఇంట్లో బంగారం లేకపోతే ఎల్‌ఐసీ పాలసీ మీద లోన్, ఎఫ్‌డీ మీద లోన్, మీ ఆఫీసులో ఉద్యోగుల పరపతి సంఘం ఉంటే అందులో లోన్ చూడండి. ఇవేవీ కుదరకపోతే కార్డు కంపెనీకే ఫోన్ చేసి మొత్తం బాకీని ఈఎంఐలోకి మార్చమని అడగండి. వడ్డీ మామూలు కార్డు వడ్డీలో సగం దాకా దిగొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు ఎంత, మధ్యలో కట్టేస్తే పెనాల్టీ ఎంత అన్నవి ముందే అడిగి తెలుసుకోండి. రిజిస్టర్డ్ చీటీ నడుస్తుంటే పాడుకోవచ్చు కానీ తోపుడు (పాటలో వదులుకునే మొత్తం) ఎక్కువ పోతే లాభం ఉండదు. లెక్క వేసుకున్నాకే చేయెత్తండి.

ఇక ఇంట్లో చెప్పడం. బంగారం అమ్మది అయితే ఎలాగూ చెప్పాల్సిందే. బంగారంతో పని లేకపోయినా చెప్పండి తమ్ముడూ. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో బాకీ బాగా ముదిరినవాళ్లందరూ ఇంట్లో దాచినవాళ్లే. దాచడం కోసం ఇంటికి పంపే ఎనిమిది వేలు తగ్గించలేరు, పండగకు బట్టలు మానలేరు, ఆ ఖర్చంతా మళ్లీ కార్డు మీదికే వస్తుంది. చెప్పిన రోజు అమ్మ బాధపడుతుంది, నాన్న రెండు మాటలు అంటారు. మర్నాడు వాళ్లే "ఈ ఆరు నెలలు మాకు పంపకురా, ముందు అది కట్టుకో" అంటారు. ఇలా అన్న తల్లిదండ్రులను నేను ఎంతమందిని చూశానో లెక్కలేదు.

అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంటుంది

బంగారం లోన్‌తో కార్డు కట్టేసిన మర్నాడు మీ ఫోన్‌లో అందుబాటులో ఉన్న లిమిట్ 1,60,000 అని కనిపిస్తుంది. అది మీ డబ్బులా అనిపిస్తుంది. నా దగ్గరికి రెండోసారి వచ్చినవాళ్లందరిదీ ఇదే కథ. లోన్ తీసి కార్డు కట్టారు, ఆరు నెలల్లో కార్డు మళ్లీ నిండింది, ఇప్పుడు లోనూ ఉంది, కార్డూ ఉంది. అందుకే కట్టిన రోజు సాయంత్రమే ఈ పనులు చేయండి. రెండు కార్డుల్లో కొత్తదాన్ని మూసేయండి. బాకీ లేని కార్డును అడిగిన ఏడు పని దినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకు 500 చొప్పున మీకు కట్టాలి అని ఆర్‌బీఐ 2022లోనే నిబంధన పెట్టింది. మూసినట్టు మెయిల్ వచ్చేదాకా వదలొద్దు. పాతదాన్ని ఉంచండి, ఎందుకంటే మీ క్రెడిట్ చరిత్ర వయసు దానితోనే లెక్క. కానీ దాని లిమిట్ తగ్గించమని అడగండి. యాప్‌లో ఆన్‌లైన్ లావాదేవీలు ఆఫ్ చేయండి. షాపింగ్, ఫుడ్ యాప్‌లలో సేవ్ చేసిన కార్డు తీసేయండి. రూపే కార్డు యూపీఐకి లింక్ అయి ఉంటే అది కూడా తీసేయండి. టీ కొట్టు దగ్గర స్కాన్ చేసిన పది రూపాయలు అప్పుగా పడుతున్నాయని చాలామందికి గుర్తే ఉండదు.

ఇప్పుడు మీ 641 సంగతి

మీ స్కోరు చూసి మీరు భయపడినంతగా నేను భయపడలేదు. కారణం చెప్తాను. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. అది పడిపోవడానికి ముఖ్యంగా రెండు రకాల కారణాలు ఉంటాయి. ఒకటి, వాయిదాలు ఎగ్గొట్టడం. రెండోది, ఇచ్చిన లిమిట్‌లో ఎక్కువ భాగం వాడేయడం. మొదటిది మచ్చలాంటిది. సిబిల్ రిపోర్టులో గత 36 నెలలకు నెలనెలా ఎన్ని రోజులు లేటయిందో గడుల్లో కనిపిస్తుంది. రెండోది ఆనాటి పరిస్థితి మాత్రమే, బాకీ తగ్గితే చాలావరకు అదే సర్దుకుంటుంది. మీరు కార్డులకు మినిమమ్ ఒక్కసారి కూడా తప్పలేదు. అంటే ఆ రెండు ఖాతాల గడులు శుభ్రంగా ఉన్నాయి. మిమ్మల్ని కిందికి లాగుతున్నది 1,60,000 లిమిట్‌లో 1,40,000 వాడి ఉండటం, అంటే దాదాపు 88 శాతం. దీన్ని 30 శాతం లోపు ఉంచడం మంచిది. బంగారం లోన్‌తో కార్డులు కట్టేయగానే ఇది సున్నాకు వస్తుంది. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం 15 రోజులకోసారి సమాచారం పంపాల్సి వస్తోంది కాబట్టి ఈ మార్పు నెల, నెలన్నరలో రిపోర్టులో కనిపించాలి.

ఆ 40 రోజుల ఆలస్యం మాత్రం ఉండిపోతుంది. దాన్ని ఎవరూ తుడవలేరు. కానీ దాని తర్వాత రెండేళ్ల పాటు వరుసగా సమయానికి కట్టిన గడులు కనిపిస్తే లోన్ ఇచ్చే ఆఫీసర్ దాన్ని చూసే తీరు మారుతుంది. నేనే అలా చూశాను. "ఇది ఎప్పటిది, ఎందుకు?" అని అడిగేవాణ్ని. కారణం సరిగ్గా చెప్పి, తర్వాత రికార్డు బాగుంటే ముందుకు పంపేవాణ్ని. మీరు మూడేళ్ల టైము పెట్టుకున్నారు. అది చాలు.

ఏజెన్సీ విషయం. రిపోర్టులో నిజంగా జరిగినదాన్ని ఎవరూ మార్చలేరు. తప్పుగా పడినదాన్ని మార్చడానికి ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు. మన దేశంలో నాలుగు క్రెడిట్ బ్యూరోలు (అందరి అప్పుల రికార్డు ఉంచే సంస్థలు) ఉన్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఏడాదికోసారి ప్రతి ఒక్కటీ మీకు పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ముందు నాలుగూ డౌన్‌లోడ్ చేసుకుని ఒక ఆదివారం కూర్చుని చదవండి. మీది కాని ఖాతా, తీరిపోయినా తెరిచే ఉన్నట్టు చూపిస్తున్న బైక్ లోన్, తప్పు అడ్రస్, ఏది కనిపించినా వాళ్ల సైట్‌లోనే డిస్ప్యూట్ పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ కదలకపోతే ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ ఓంబుడ్స్‌మన్ ఉండనే ఉన్నారు.

ఇందులో నాకు ఎప్పటికీ గుర్తుండే కేసు ఒక నర్సుది. గుంటూరులో హోమ్ లోన్‌కు వచ్చింది. జీతం బాగుంది, అప్పులు లేవు, స్కోరు మాత్రం ఆరు వందల లోపు. రిపోర్టు తీస్తే ఒక క్రెడిట్ కార్డు ఖాతా, పక్కన "రిటన్ ఆఫ్" (రాని బాకీగా కొట్టేశాం) అని. ఆవిడకు ఆ కార్డు ఉన్న సంగతే సరిగ్గా గుర్తులేదు. వాళ్ల ఆసుపత్రి దగ్గర ఎవరో టేబుల్ వేసుకుని కూర్చుంటే సంతకం పెట్టింది, కార్డు వస్తే కవరు కూడా చించకుండా బీరువాలో పడేసింది. ఏడాది తర్వాత పడిన 590 రూపాయల వార్షిక ఫీజు, దాని మీద లేటు ఫీజులు, వాటి మీద వడ్డీ కలిపి వేలల్లోకి చేరింది. ఆవిడ అడ్రస్ మారింది, బిల్లులు పాత ఇంటికి వెళ్లాయి. ఒక్క వస్తువు కూడా కొనని కార్డు వల్ల ఇల్లు ఎనిమిది నెలలు ఆగిపోయింది. ఉత్తరాలు రాసి, ఫీజులు మాఫీ చేయించి, రిపోర్టు సరిచేయించేసరికి ఆవిడ మాట్లాడుకున్న ఫ్లాట్ వేరేవాళ్లు కొనేశారు. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్న రోజు నేను అక్కడే ఉన్నాను. మీరు మూసిన కార్డుకు మూసినట్టు కాగితం అడగమని ఇంతగా చెప్పడానికి కారణం ఆ కేసే.

మీరు అడగలేదు కానీ ఇంకొకటి చెప్పాలి. ఎవరి లోన్‌కూ హామీ సంతకం పెట్టకండి, కనీసం మీ ఇల్లు పూర్తయ్యే వరకు. మన వైపు ఇది మొహమాటానికి జరిగిపోతుంది. తోటి ఉద్యోగి, మేనమామ కొడుకు, "ఊరికే సంతకమే కదా" అంటారు. చట్టం ప్రకారం హామీదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ అదే చెప్తుంది. ఒంగోలులో ఒక మాస్టారు సహోద్యోగికి హామీ ఉన్నారు. ఆ సహోద్యోగి కట్టడం మానేస్తే ఈ మాస్టారి రిపోర్టు దెబ్బతింది, కూతురి చదువు లోన్‌కు కో-అప్లికెంట్‌గా నిలబడే వేళకు ఇబ్బంది పడ్డారు. ఒక్క రూపాయి తిన్నది లేదు.

సెటిల్‌మెంట్ ఫోన్లు మీకు ఇంకా రాలేదు, కట్టడం ఆపితే మొదలవుతాయి. "లక్షా నలభై వేలకు డెబ్బై కట్టండి చాలు" అంటారు. వినడానికి బాగుంటుంది. రిపోర్టులో మాత్రం ఆ ఖాతా "క్లోజ్డ్" అని కాకుండా "సెటిల్డ్" అని పడుతుంది, ఏళ్ల తరబడి ఉంటుంది. హోమ్ లోన్ ఆఫీసర్ కన్ను ముందు దాని మీదే పడుతుంది. ఉద్యోగం పోయి, ఇంట్లో జబ్బు చేసి, నిజంగా ఏ దారీ లేనివాళ్లకు అది సరైనదే, వాళ్లను నేనే సెటిల్ చేసుకోమన్నాను. జీతం వస్తున్న మీకు కాదు.

లోన్ యాప్ సంగతి అన్నిటికంటే ముందు తేల్చండి

చిన్న మొత్తమే కదా అని చివరికి పెట్టకండి. 2010లో మన దగ్గర మైక్రోఫైనాన్స్ గొడవ నడిచినప్పుడు నేను ఫీల్డులోనే ఉన్నాను. ఒక కంపెనీ వారం వాయిదా కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర తీసుకోవడం, దానికోసం మూడోది. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చే దాకా వెళ్లింది. ఇప్పుడు యాప్‌లతో సరిగ్గా అదే జరుగుతోంది, తేడా ఏమిటంటే అప్పుడు గ్రూపులో పదిమంది ఉండేవాళ్లు, ఇప్పుడు మీరు ఒక్కరే ఫోన్‌తో ఉంటారు.

మీ యాప్ వెనక ఏ బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) ఉందో చూడండి. ఆర్‌బీఐ 2022 సెప్టెంబరులో మొదట తెచ్చిన నిబంధనల ప్రకారం లోన్ నేరుగా మీ బ్యాంకు ఖాతాలోకే రావాలి, వడ్డీ, ఫీజులు అన్నీ కలిపిన అసలు ఖర్చు ముందే ఒక పత్రంలో చూపించాలి, మీ కాంటాక్టులు, ఫొటోల జోలికి రాకూడదు. ఆర్‌బీఐ తన వెబ్‌సైట్‌లో యాప్‌ల జాబితా కూడా పెట్టింది, మీది అందులో ఉందేమో వెతకండి. రికవరీ వాళ్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. మీ బంధువులకు ఫోన్లు చేసినా, ఫొటోలు మార్ఫ్ చేస్తామని బెదిరించినా మీ తప్పేమీ లేదు. స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, దొంగ యాప్ అయితే ఆర్‌బీఐ సచేత్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి. బాకీ కట్టాక నో డ్యూ సర్టిఫికెట్ తీసుకుని, ఆ తర్వాతే యాప్ తీసేయండి. ముందే తీసేస్తే కాగితం కోసం తంటాలు పడాలి.

నెల ఖర్చు

ఇంటికి, పీజీకి పోను మీకు 26,500 ఉంటోంది. మినిమమ్ పోతే 19,500. అది ఎటు పోతోందో మీకే తెలియదని రాశారు. గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి పెన్ను పట్టుకుని కూర్చోండి. ఫోన్‌లో చూస్తే లాభం లేదు, వేలితో జరిపేస్తాం. ఒక అబ్బాయి నా ముందే అలా కూర్చుని రాత్రి పదకొండు తర్వాత ఆర్డర్ చేసిన వాటికి మాత్రం సున్నా చుట్టాడు. ఒక్క నెలలో 23 సున్నాలు. మొత్తం ఎంతో నేను అడగకముందే వాడే కూడుకున్నాడు. అంతకుమించి నేను వాడికి ఏమీ చెప్పలేదు.

కుర్రాళ్ల బడ్జెట్లు కూలిపోయేది రోజువారీ ఖర్చుల దగ్గర తక్కువ, ఏడాదికోసారి వచ్చే ఖర్చుల దగ్గర ఎక్కువ. సంక్రాంతికి ఇంట్లో అందరికీ బట్టలు, ఆ వారం రెట్టింపు రేటు బస్ టికెట్లు, బైక్ ఇన్సూరెన్స్, మాఘమాసంలో మూడు పెళ్లిళ్లు, చదివింపులు, ఫోన్ పగిలిపోవడం. ఇవి అనుకోకుండా వచ్చాయి అంటాం. ప్రతి ఏడూ వస్తూనే ఉన్నాయి. ఒక కాగితం మీద అన్నీ రాసి కూడండి. 48,000 వచ్చిందనుకోండి, పన్నెండుతో భాగిస్తే నాలుగు వేలు. జీతం పడగానే ఆ నాలుగు వేలు కార్డు లేని, యూపీఐ లేని ఇంకో ఖాతాలోకి పంపేయండి. కార్డు బాకీల్లో సగం ఈ ఒక్క అలవాటు లేకపోవడం వల్లే మొదలవుతాయని నా నమ్మకం. లోన్ నడిచే 17 నెలల్లో కూడా దీన్ని ఆపొద్దు. ఆపితే సంక్రాంతికి మళ్లీ కార్డు బయటికి వస్తుంది.

లోన్ తీరిన నెల నుంచి ఆ పది వేలు కూడా అదే ఖాతాకు మళ్లించండి. మూడు నెలల ఖర్చుకు సరిపడా అయ్యేదాకా ముట్టొద్దు. ఆ తర్వాత పాత కార్డును మళ్లీ బయటికి తీయొచ్చు, కరెంటు బిల్లు లేదా ఫోన్ రీఛార్జ్ లాంటి ఒకే ఒక్క ఖర్చుకు. ఆటోపే పెట్టేటప్పుడు "మినిమమ్" కాదు, "టోటల్ అమౌంట్ డ్యూ" ఎంచుకున్నారో లేదో రెండుసార్లు చూడండి. జీతం తేదీకి, కట్టాల్సిన తేదీకి పొంతన లేకపోతే బిల్లింగ్ తేదీ మార్చమని అడిగే హక్కు మీకుంది. జీతం ఒకటిన పడితే గడువు ఐదు, ఆరు తేదీల్లో ఉండేలా చూసుకోండి.

హోమ్ లోన్‌కు వెళ్లే ముందు ఆరు నెలల పాటు కొత్త అప్పేదీ వద్దు, నో కాస్ట్ ఈఎంఐ మీద ఫోన్ కూడా వద్దు. అది కూడా రిపోర్టులో అప్పుగానే పడుతుంది. ఈఎంఐలన్నీ కలిపి జీతంలో సగం దాటితే స్కోరు ఎంత ఉన్నా బ్యాంకు వెనకాడుతుంది.

మీరు వెంటనే చేయాల్సింది ఒకటుంది. రెండు కార్డుల తాజా స్టేట్‌మెంట్లలో వడ్డీ రేటు, ఫైనాన్స్ ఛార్జెస్, ఈఎంఐలోకి మార్చిన కొనుగోళ్లు ఏమైనా ఉంటే వాటి వివరం, యాప్ లోన్‌లో మిగిలిన వాయిదాలు ఎన్నో చూసి ఇక్కడ రాయండి. కార్డు నంబర్లు, పాన్, ఫోన్ నంబర్ మాత్రం రాయకండి, స్క్రీన్‌షాట్ కూడా పెట్టకండి. అంకెలు చూసి ఏది ముందు కట్టాలో నెలవారీగా లెక్క వేసి ఇస్తాను. ఈలోగా ఈ ఆదివారం ఊరికి వెళ్లగలిగితే వెళ్లి అమ్మతో మాట్లాడి రండి.